క్లెమెంట్ అట్లీ జీవితాన్ని చెన్నైలో ఉండి రాయడం ఎలా

చెన్నైలోని తెలుగు సంఘం సంచికకు క్లెమెంట్ అట్లీ గురించి రాయదలచినవారు, 1945లో ఆయన బ్రిటన్ ప్రధాని కావడంతో కాక, 1928లో సైమన్ కమిషన్ సభ్యుడిగా భారతదేశానికి రావడంతో మొదలుపెట్టడం మేలు. ఆ ఫిబ్రవరి 3న కమిషన్ దిగినది బొంబాయిలో. దాన్ని నిరసిస్తూ మద్రాసు హైకోర్టు సమీపాన టంగుటూరి ప్రకాశం పంతులు పోలీసు తుపాకులకు రొమ్ము చూపి నిలిచారు. అట్లీని, ప్రకాశం పంతులును ఎదురెదురుగా నిలబెట్టే పొరపాటు, మన సభల్లో తరచూ వినిపించేదే, మీ వ్యాసంలోకి రానీయకండి. అప్పట్లో మద్రాసు నుంచే వెలువడిన ఆంధ్రపత్రిక పాత సంచికల కోసం ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంలో ముందుగా విచారించాలి.

1922లో లండన్‌లోని లైమ్‌హౌస్ నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు గెలుపు, 1935 నుంచి ఇరవై ఏళ్ల లేబర్ పార్టీ నాయకత్వం ఒక్క వాక్యంలో చెబితే చాలును. 1948 జూన్‌లోగా అధికారం అప్పగిస్తామని 1947 ఫిబ్రవరి 20న ఆయన చేసిన ప్రకటన దగ్గర మాత్రం నిదానించి, ఆ గడువు 1947 ఆగస్టు 15కి ఎలా ముందుకు జరిగిందో, అందులో మౌంట్‌బాటన్ పాత్ర ఎంతో వివరించాలి. 1948 జూలై 5న మొదలైన బ్రిటన్ జాతీయ ఆరోగ్యసేవ ఘనతలో ఆరోగ్యమంత్రి బెవన్ వాటాను మరువరాదు. 1951 ఓటమిని రాసేటప్పుడు, లేబర్ పార్టీకి కన్సర్వేటివ్‌లకంటే ఎక్కువ ఓట్లు, తక్కువ స్థానాలు వచ్చాయన్న సంగతి తప్పక చేర్చండి.