సీబీ1, సీబీ2 నాకౌట్ ఎలుకలు: ఫలితం తేడా కొడితే ఎక్కడ వెతకాలి?

గంజాయిలోని టీహెచ్‌సీ లాంటి పదార్థాలు అంటుకునే సీబీ1 రిసెప్టర్‌ను 1990లో, దాని తోటి రిసెప్టర్ సీబీ2ను 1993లో క్లోన్ చేశారు. సీబీ1 జన్యువును పనిచేయకుండా చేసిన ‘నాకౌట్’ ఎలుకలు 1999లో, సీబీ2 లేనివి 2000లో వచ్చాయి. అప్పటి నుంచి ‘ఈ మందు ఈ రిసెప్టర్ ద్వారానే పనిచేస్తోందా?’ అని అడిగితే నాకౌట్ ఎలుకనే సాక్ష్యంగా చూపిస్తున్నాం. ఆ సాక్ష్యాన్ని కూడా ఒకసారి నిలదీయాలి. చాలాసార్లు గొడవ రిసెప్టర్‌లో ఉండదు, బ్రీడింగ్ రిజిస్టర్‌లో ఉంటుంది.

సమస్య: సీబీ1 నాకౌట్‌లో కూడా మందు పనిచేస్తోంది

మొదట జీనోటైపింగ్‌నే (ఏ ఎలుక నాకౌటో డీఎన్ఏతో తేల్చే పరీక్షను) అనుమానించండి. తోక కొన కోసే కత్తెరను పిల్లపిల్లకీ శుభ్రం చేయకపోతే పక్కదాని డీఎన్ఏ అంటుకుని నాకౌట్ కాస్తా హెటిరోలా (జన్యువు రెండు కాపీల్లో ఒకటే పోయినదానిలా) కనిపిస్తుంది. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. డీఎన్ఏ ముక్కను పెంచి చూసే పీసీఆర్‌లో, ఆ ముక్క హద్దులు గుర్తించే ప్రైమర్లు మూడూ ఒకే ట్యూబులో వేస్తే చిన్న బ్యాండ్ బాగా పెరిగి పెద్దదాన్ని కనిపించకుండా చేస్తుంది. మ్యూటెంట్ బ్యాండ్ చిన్నదైతే, హెటిరో ఎలుక నాకౌట్ పేరుతో రికార్డుకెక్కుతుంది.

పరిష్కారం: రెండు అల్లీల్స్‌కూ (జన్యువు మామూలు రూపానికీ, మార్చిన రూపానికీ) వేర్వేరు ట్యూబుల్లో పీసీఆర్ పెట్టండి. ప్రతి జెల్‌లో ముందే తెలిసిన వైల్డ్ టైప్ (మామూలు ఎలుక), హెటిరో, నాకౌట్ డీఎన్ఏలతో పాటు నీళ్ల కంట్రోల్ ఉండాలి. ప్రయోగం ముగిశాక అదే ఎలుక కణజాలంతో మరోసారి సరిచూసుకుంటే టెన్షన్ ఉండదు.

జీనోటైప్ సరిగ్గానే ఉంటే మందు సంగతి చూడాలి. టీహెచ్‌సీ ఇచ్చిన మామూలు ఎలుక ఒళ్లు చల్లబడుతుంది, కదలిక తగ్గుతుంది, ఉన్నచోటే బిగుసుకుపోతుంది, నొప్పికి స్పందన కూడా తగ్గుతుంది. 1999 నాటి ఒక సీబీ1 నాకౌట్ లైన్‌లో మొదటి మూడూ మాయమయ్యాయి కానీ, తోకకు వేడి తగిలించే పరీక్షలో నొప్పి తగ్గడం మాత్రం మిగిలింది. అంటే ఆ ఒక్క పరీక్షే నమ్ముకుంటే ‘నాకౌట్ పనిచేయలేదు’ అని తప్పుగా తేల్చేస్తాం. శరీర ఉష్ణోగ్రత కొలవడం తేలిక, ఫలితమూ స్పష్టంగా ఉంటుంది. కాలనీని పరీక్షించడానికి నేనైతే దాన్నే వాడతాను.

శరీరమే తయారుచేసుకునే ఆనందమైడ్, ల్యాబ్‌లో తయారైన విన్ 55,212-2 ఇంకాస్త చిక్కు పెడతాయి. సీబీ1 లేని మెదడు పొరల్లో కూడా ఈ రెండూ జీ ప్రోటీన్‌ను (రిసెప్టర్ సంకేతాన్ని కణం లోపలికి చేర్చేదాన్ని) కదిలిస్తాయి, టీహెచ్‌సీ, మరో ల్యాబ్ మందు సీపీ 55,940 కదిలించవు. పైగా ఆనందమైడ్‌ను ఫా అనే ఎంజైమ్ చకచకా ముక్కలు చేసేస్తుంది, ఆనందమైడ్ టీఆర్‌పీవీ1 అనే ఇంకో రిసెప్టర్ మీద కూడా పనిచేస్తుంది. కాబట్టి అదే ప్రయోగం సీపీ 55,940తో మళ్లీ చేయండి. విన్ వాడితే, పనిచేయని దాని జంట రూపం విన్ 55,212-3ను పక్కన పెట్టండి. ఆనందమైడ్ వాడితే ఫా నిరోధకం, టీఆర్‌పీవీ1 నిరోధకం జతచేసి చూడండి.

సమస్య: నాకౌట్ కణజాలంలో కూడా యాంటీబాడీ బ్యాండ్ చూపిస్తోంది

సీబీ2 విషయంలో ఇది మరీ ఎక్కువ. కొన్నిసార్లు యాంటీబాడీయే వేరేదాన్ని పట్టుకుంటుంది. కొన్నిసార్లు తప్పు యాంటీబాడీది కాదు: 2000లో వచ్చిన సీబీ2 లైన్‌లో జన్యువంతా తీసేయలేదు, ప్రోటీన్ సీ చివరి (వెనక కొస) వైపు భాగాన్నే తొలగించారు. ఎన్ చివరను (ముందు కొసను) గుర్తించే యాంటీబాడీకి అక్కడ ఏదో ఒకటి దొరకవచ్చు. మీ లైన్‌లో ఏ ముక్క పోయిందో ముందు తెలుసుకుని, పోయిన భాగం లోపలే పీసీఆర్ ప్రైమర్లు పెట్టండి. రిసెప్టర్ ఉందో లేదో తేల్చడానికి రేడియోలైగాండ్ బైండింగ్ (రేడియోధార్మిక మందు అంటుకుంటుందో లేదో చూడటం) ఇంకా గట్టి ఆధారం. నాకౌట్ నమూనా పక్కన లేని సీబీ2 వెస్టర్న్ బ్లాట్‌ను (యాంటీబాడీతో ప్రోటీన్‌ను బ్యాండ్‌గా చూపే పరీక్షను) నేను లెక్కలోకి తీసుకోను.

సమస్య: వేరే ల్యాబ్‌లో వచ్చింది మన దగ్గర రావడం లేదు

1999 నాటి రెండు సీబీ1 లైన్లలో ఒకటి సీడీ1 ఎలుకల్లో, మరొకటి సీ57బీఎల్/6జే ఎలుకల్లో పెంచినది. జాతి నేపథ్యం మారితే నొప్పి, కదలిక, భయం అన్నీ మారతాయి. ‘బీ6’ అని రాసి వదిలేస్తే సరిపోదు: జే ఉపజాతిలో ఎన్ఎన్‌టీ జన్యువు దెబ్బతిని ఉంటుంది, ఎన్ ఉపజాతిలో అది బాగానే ఉంటుంది. జీవక్రియ మీద పనిచేసేవాళ్లకు ఇది పెద్ద తేడానే.

దీనికి మందు ఒక్కటే: హెటిరోతో హెటిరోను జతకట్టి, ఒకే ఈతలో పుట్టిన వైల్డ్ టైప్ పిల్లలనే కంట్రోల్‌గా వాడాలి. బయట నుంచి కొన్న వైల్డ్ టైప్‌ను నాకౌట్ పక్కన పెడితే వేరే తల్లి, వేరే గది, వేరే ప్రయాణం అన్నీ ఫలితంలో కలిసిపోతాయి. బ్యాక్‌క్రాస్ (కావలసిన జాతితో మళ్లీ మళ్లీ జతకట్టడం) 10 తరాలు చేసినా తీసేసిన జన్యువు చుట్టూ, నాకౌట్ తయారీకి వాడిన మూలకణాల 129 జాతి డీఎన్ఏ కొంత మిగులుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఆందోళన పరీక్షల్లో గది వెలుతురు కూడా చూడాలి. ఎత్తైన ప్లస్ ఆకారపు మార్గం మీద సీబీ1 నాకౌట్ ఎలుకలు గట్టి వెలుతురులో ఎక్కువ బెరుకు చూపాయని, మసక వెలుతురులో ఆ తేడా పోయిందని 2004లో ఒక అధ్యయనం చూపింది. లక్స్ ఎంతో రాసిపెట్టకపోతే మీ ఫలితాన్ని ఇంకెవరితోనూ పోల్చలేం.

సమస్య: పిల్లలు తక్కువ పుడుతున్నాయి

సీబీ1 లేని ఆడ ఎలుకల్లో పిండాలు అండవాహికలోనే ఆగిపోవచ్చు. నాకౌట్‌తో నాకౌట్‌ను జతకట్టడం మానేసి హెటిరోలకు మారండి. నాలుగింట ఒక పిల్లే నాకౌట్ అవుతుంది కాబట్టి బోనుల లెక్క ముందే వేసుకోవాలి.

సమస్య: గ్లుటమేట్ కణాల్లో సీబీ1 తీసేశాం, వెస్టర్న్‌లో తేడా లేదు

మెదడులోని హిప్పోకాంపస్‌లో సీబీ1 ప్రోటీన్ ఎక్కువ భాగం గాబా కణాల (పక్క కణాలను అణిచే నాడీ కణాల) చివర్లలో ఉంటుంది. పక్క కణాలను ఉత్తేజపరిచే గ్లుటమేట్ కణాల్లో ఉన్నది కొద్దిపాటే. అది పోయినా మొత్తం బ్యాండ్ పెద్దగా తగ్గదు. అలాగని దాన్ని తీసిపారేయలేం: కైనిక్ యాసిడ్ ఇస్తే వచ్చే మూర్ఛల నుంచి కాపాడేది ఆ కొద్దిపాటి సీబీ1యేనని 2006లో తేలింది. ఏ కణంలో పోయిందో ఇన్ సీటు హైబ్రిడైజేషన్‌తో (జన్యువు ఆర్ఎన్ఏను కణజాలంలోనే గుర్తించే పద్ధతితో) చూడండి.

తేడా ఉండకూడని చోట కూడా కనిపిస్తే, ఎంచుకున్న కణాల్లోనే జన్యువును కత్తిరించాల్సిన క్రే ఎంజైమ్ లీకవుతున్నట్టే. తోక డీఎన్ఏలో తొలగిన అల్లీల్ బ్యాండ్ కనిపించిందంటే బీజకణాల్లోనే కోత పడి ఉండవచ్చు. క్రే తల్లి నుంచి వచ్చినప్పుడు ఒకలా, తండ్రి నుంచి వచ్చినప్పుడు ఇంకోలా లీకయ్యే లైన్లు ఉన్నాయి, అందుకే రెండు వైపుల నుంచీ జతకట్టి చూసి, లీకు లేని వైపునే కొనసాగించండి. కంట్రోల్‌గా ఫ్లాక్స్ (క్రే కత్తిరించే గుర్తులు పెట్టిన జన్యువు) మాత్రమే ఉన్న ఎలుకలతో పాటు క్రే మాత్రమే ఉన్నవాటినీ పెట్టండి.