ఎస్2000 కొనాలా? ముందు లింకు డాక్యుమెంట్లు చూడండి

మా నాన్న నర్సరావుపేటలో దస్తావేజు లేఖరి. స్థలం కొంటామని ఎవరొచ్చినా ఆయన ధర అడిగేవారు కాదు, "లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?" అనేవారు. 2016లో డాలస్‌లో పాత హోండా ఎస్2000 (రెండు సీట్లు, మడిచే గుడ్డ టాపు ఉన్న స్పోర్ట్స్ కారు) కోసం తిరిగినప్పుడు నాకు అక్కరకొచ్చింది ఆ ఒక్క ప్రశ్నే. ఈ కారు మీద డబ్బు పెడతామంటూ ఫోన్ చేసేవాళ్లకి నేను చెప్పేది అదే.

ముందు ఏది కొనాలో తేల్చుకోండి. 1999 నుంచి 2009 దాకా, ప్రపంచం మొత్తానికి లక్షా పది వేల చిల్లర తయారు చేశారు. అన్నీ ఆరు గేర్ల మాన్యువలే, ఆటోమేటిక్ ఒక్కటీ లేదు. మొదటి రకం పేరు ఏపీ1 (మన రిజిస్ట్రేషన్ కాదు, ఛాసిస్ కోడ్). రెండు లీటర్ల ఇంజిన్, టర్బో లేకుండానే అమెరికా కారులో 240 హార్స్‌పవర్, ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు చూపే ముల్లు దాదాపు 9,000 దాకా పోతుంది. 2004లో అమెరికాకి వచ్చిన ఏపీ2లో ఇంజిన్ 2.2 లీటర్లు, రెడ్‌లైన్ (ఆ ముల్లు దాటకూడని హద్దు) 8,000. ఊళ్లో నడపడానికి ఏపీ2 సుఖం. నాకు మాత్రం ఆ చివరి వెయ్యి కోసమే ఈ కారు. 2008, 2009లో వచ్చిన సీఆర్ (రేసు ట్రాక్ కోసం చేసిన రకం) అమెరికాలో 699 మాత్రమే ఉన్నాయి. దాన్ని కొంటే గుడ్డ కప్పి చూసుకోవడమే, నడపబుద్ధి కాదు. నేను 2003 ఏపీ1 తీసుకున్నా. 2000, 2001 కార్లకి టాపు వెనక ప్లాస్టిక్ అద్దం, అది పసుపెక్కి మసకబారుతుంది. 2002 నుంచి గాజు అద్దం.

ఇక లింకు డాక్యుమెంట్లు. ఈ కారుకి అవి స్టిక్కర్లే. బానెట్, ఫెండర్లు, తలుపులు, డిక్కీ, బంపర్లు, అన్నిటికీ ఛాసిస్ నంబరున్న చిన్న స్టిక్కరు ఫ్యాక్టరీలోనే అంటించారు. టార్చి పట్టుకుని ఒక్కొక్కటీ వెతకండి, నంబరు కారు నంబరుతో సరిపోతుందో చూడండి. నేను మొదట చూసింది ఎర్ర కారు. "ఒకే ఓనరు, గీత పడలేదు" అన్నాడు అమ్మేవాడు. కారు చరిత్ర రిపోర్టు (ఓనర్లు, నమోదైన ప్రమాదాల వివరాలు) కూడా శుభ్రంగానే ఉంది. బానెట్ ఎత్తితే ఎడమ ఫెండరు అంచున స్టిక్కరుంది, కుడి వైపు లేదు. "కడిగినప్పుడు ఊడిపోయుంటుంది" అన్నాడు. ఆ వైపు బోల్టుల తలల మీద పెయింటు రేగిపోయి, స్పానర్ పట్టిన గుర్తులున్నాయి. ఇన్సూరెన్స్ దాకా పోకుండా చేతి డబ్బుతో బాగుచేయించుకుంటే రిపోర్టులో ఏం పడుతుంది? థ్యాంక్స్ చెప్పి వచ్చేశా. స్టిక్కరు లేకపోతే కారు కొనకూడదని కాదు, ధర వేరుగా ఉండాలి, అంతే.

ఇంజిన్ చల్లగా ఉండగా చూడాలి. "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి గరగరమంటే టైమింగ్ చెయిన్ టెన్షనర్ (ఇంజిన్‌లోని చెయిన్‌ని బిగువుగా ఉంచేది) అరిగినట్టు. చిన్న పనే, బేరానికి పనికొస్తుంది. అసలు భయం వేరే. నాలుగో గేరులోంచి మూడుకి వేయబోయి తప్పిపోయినా, ఐదులోంచి రెండులో పడినా చక్రాలే ఇంజిన్‌ని హద్దు దాటించి తిప్పేస్తాయి, రెవ్ లిమిటర్ (ఇంజిన్ వేగానికి హద్దు పెట్టే ఏర్పాటు) కూడా దాన్ని ఆపజాలదు. ఏపీ1లో అప్పుడు వాల్వ్ స్ప్రింగ్ రిటైనర్లు (వాల్వు స్ప్రింగ్‌ని పట్టి ఉంచే బిళ్లలు) పగుళ్లిస్తాయి. కారు మాత్రం ఏమీ కానట్టే నడుస్తూ ఉంటుంది, ఓ రోజు వాల్వు సిలిండర్‌లో పడేదాకా. అందుకే మెకానిక్ చేత వాల్వ్ కవరు విప్పించి రిటైనర్లు చూపించుకోండి, నాలుగు సిలిండర్లకీ లీక్‌డౌన్ పరీక్ష (గాలి ఎక్కించి ఎంత కారుతుందో చూడటం) చేయించండి. సిలిండర్ గోడలు ఫైబర్ కలిపిన ప్రత్యేక లోహం, మామూలు ఇంజిన్‌లా బోరు కొట్టించుకుందాం అంటే కుదరదు. ఆయిల్ డిప్‌స్టిక్ మీరే లాగి చూడండి. ఆయిల్ తాగే కార్లున్నాయి, ఆ సంగతి నోరెత్తని ఓనర్లూ ఉన్నారు.

చిన్న సామాన్లు ఎవరూ అడగరు, మీరు అడగండి: రెండు తాళం చెవులు, టూల్ కిట్, టాపు మడిచాక కప్పే కవరు. సైలెన్సరు, చక్రాలు మార్చి ఉంటే కంపెనీవి అట్టపెట్టెల్లో దాచాడా అని అడగండి. లేదంటే ధర తగ్గించమనండి. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడు మీకూ అదే చెబుతాడు.

ధర తెలియాలంటే ప్రకటనల్లో రాసింది చూడకండి. ప్లాటుకి చెప్పే రేటు వేరు, చేతులు మారే రేటు వేరు కదా. ఆన్‌లైన్ వేలాల్లో అమ్ముడైన ధరలు కనిపిస్తాయి. అదే మైళ్లు, అదే ఏడాది ఉన్నవి ఓ పది రాసుకోండి.

నా లెక్క చెబుతా. 71,000 మైళ్ల కారు 16,500 డాలర్లకి కొన్నా. తొమ్మిదేళ్లలో ఇన్సూరెన్సు 3,800, టైర్లు రెండు సెట్లు 1,700, క్లచ్ 1,600, టెన్షనర్, ఆయిల్, చిల్లర కలిపి 1,450. టాపుకి 1,400, ఇది నా స్వయంకృతం. టాపు దించే ముందు వెనక మూలల్లో గుడ్డని అరచేతి అంచుతో లోపలికి నొక్కాలి, లేకపోతే ఫ్రేము మధ్య నలిగి చినుగుతుంది. నేను బటన్ నొక్కి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా. మొత్తం 26,450. మొన్న ఒకాయన 27,000 ఇస్తానన్నాడు. తొమ్మిదేళ్లకి లాభం 550 డాలర్లు. పన్ను ఈ 550 మీద కాదు, కొన్న ధరకీ అమ్మిన ధరకీ ఉన్న తేడా మీద; ఇన్సూరెన్సు, టైర్లు, రిపేర్ల ఖర్చు అందులో తీసేయనివ్వరు. నష్టమొస్తే మాత్రం సొంత వాడకం కారు కాబట్టి తగ్గింపు ఉండదు.

ఇన్సూరెన్సు "అగ్రీడ్ వాల్యూ" పాలసీ తీసుకోండి, కారు పోతే ఇచ్చే మొత్తం ముందే రాసుకుంటారు. మామూలు పాలసీ అయితే ఇరవయ్యేళ్ల పాత హోండా అని ఎంతో కొంత చేతిలో పెడతారు. రోజూ ఆఫీసుకి తీసుకెళ్తామంటే ఆ పాలసీకి సాధారణంగా ఒప్పుకోరు, అది ముందే అడగండి.

మా బావ గుంటూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "ఆ డబ్బుతో అమరావతి దగ్గర ప్లాటు వచ్చేది, పోనీ ఆ కారైనా ఇటు పంపు" అంటాడు. ఎడమ వైపు స్టీరింగ్, ఇన్నేళ్ల పాత కారు, మన దేశంలోకి రానివ్వరని నాలుగు సార్లు చెప్పా. 27,000 ఇస్తానన్నాయన శనివారం చూడ్డానికి వస్తానన్నాడు. ఇంజిన్ చల్లగానే ఉంచుతా, టార్చి కూడా నేనే ఇస్తా. అమ్ముతానో లేదో మాత్రం ఆయనకింకా చెప్పలేదు.