పాలిమర్ ద్రావణం పలచబడిందా? పొడి పెంచే ముందు ఇవి చూడండి

కోర్ ఫ్లడ్ పరీక్షకు (కోర్ అనే రాతి ముక్క గుండా ద్రావణాన్ని పంపి చూసే పరీక్ష) కలిపిన హెచ్‌పామ్ (హైడ్రోలైజ్డ్ పాలీఅక్రిలమైడ్ అనే పాలిమర్) ద్రావణం చిక్కగా రాకపోతే చాలామంది ఇంకో చెంచాడు పొడి వేసేస్తారు. ఆ చెయ్యి కాస్త ఆపండి. లోపం చాలాసార్లు కలిపిన తీరులోనో నీళ్లలోనో ఉంటుంది.

సమస్య: గాజుముక్కల్లాంటి ఉండలు

కారణం: పొడి ఒక్కసారిగా కుమ్మరిస్తే పైపొర జిగురై, లోపలికి నీరు అందదు. విశాఖ ఉక్కపోతలో సంచీ మూతి తెరిచి ఉంచితే పొడి ముందే గడ్డకడుతుంది.

పరిష్కారం: ఉప్మాలో రవ్వ పోసినట్టే. 5000 పీపీఎం మూల ద్రావణం 500 గ్రాములకు, 90 శాతం క్రియాశీలమైన పొడి 2.78 గ్రాములు పడుతుంది. నీళ్లలో సుడి ముప్పావు లోతు దిగేలా స్టిరర్ తిప్పుతూ, సుడి గోడ మీద అర నిమిషంలో చల్లేయాలి. ఆలస్యమైతే నీరు చిక్కబడి సుడి మూసుకుపోతుంది. తర్వాత 60–80 ఆర్‌పీఎంకు తగ్గించి, మూతపెట్టి రాత్రంతా తిప్పాలి. ఉండల్ని మిక్సీలో కొట్టారో, పొడవాటి పాలిమర్ అణు గొలుసులు తెగి జిగట తిరిగి రాదు. పారబోసి మళ్లీ కలపడమే చవక.

సమస్య: ఉండల్లేవు, అయినా పలచన

అదే పీపీఎం డిస్టిల్డ్ వాటర్‌లో చేసి, అదే ఉష్ణోగ్రత దగ్గర బ్రూక్‌ఫీల్డ్ విస్కోమీటర్‌కు (జిగట కొలిచే పరికరం) పలచని ద్రవాల కోసం తగిలించే యూఎల్ అడాప్టర్‌తో 6 ఆర్‌పీఎం వద్ద కొలవండి. అక్కడ చిక్కగా ఉంటే నేరం ఉప్పుది. మంచినీళ్లలో గొలుసు మీది రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుని గొలుసును చాపుతాయి. ఉప్పు వాటిని కప్పేస్తే అది ముడుచుకుంటుంది. సోడియం కంటే కాల్షియం, మెగ్నీషియం దెబ్బ పెద్దది. కలపడానికి తెచ్చే సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1300 మెగ్నీషియం ఉంటాయి. పైగా వానలయ్యాక మన తీరంలో పైనీటి ఉప్పదనం పడిపోతుంది కనుక మే నెల క్యాను, అక్టోబరు క్యాను ఒకటి కావు. ప్రతి క్యానూ కొలవండి, లేదా లవణాలన్నీ ముందే కరిగించిన కృత్రిమ బ్రైన్ (ఉప్పునీరు) వాడండి. మోతాదు పెంచాల్సి వస్తే ఇక్కడే.

డిస్టిల్డ్ వాటర్‌లోనూ పలచగానే ఉంటే స్టిరర్ వేగాన్నో పాతబడ్డ పొడినో అనుమానించండి.

సమస్య: నిన్న చిక్కన, ఇవాళ పలచన

కారణం: ఇనుము, ఆక్సిజన్ కలిసి గొలుసును తెంచడం. సముద్రపు గాలికి డ్రమ్ములు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ క్యాను, స్టీలు 316 రెక్క వాడండి. పొడి వేసే ముందే నీళ్లలోకి నైట్రోజన్ పంపండి. ఆక్సిజన్‌ను పీల్చుకునే సోడియం డైథయొనైట్ వేసి మూత తీసి ఉంచితే ఇంకా పాడవుతుంది.

సమస్య: ఓవెన్‌లో తెల్లటి మబ్బు

75 డిగ్రీలు దాటితే హైడ్రాలిసిస్ (నీటితో చర్య జరిగి గొలుసు మీద రుణావేశాలు పెరగడం) జోరందుకుంటుంది, ఆ గొలుసును కాల్షియం పట్టి దించేస్తుంది. నీటిని సాఫ్ట్ చేయండి, లేదా ఏటీబీఎస్ (వేడిని, కాల్షియాన్ని మెరుగ్గా తట్టుకునే సల్ఫోనేట్ భాగం) ఉన్న పాలిమర్ తీసుకోండి.

సమస్య: కోర్ ముందు ఒత్తిడి ఎక్కుతూనే ఉండటం

ఎక్కి నిలబడితే భయం లేదు, అది పాలిమర్ సహజ నిరోధం. ఆగకుండా ఎక్కితే రంధ్రాలు మూసుకుంటున్నట్టే. 1.2 మైక్రాన్ పొర మీద 2 బార్ ఒత్తిడితో వడకట్టండి. 200 నుంచి 300 మిల్లీలీటర్లకు పట్టిన సమయాన్ని 100 నుంచి 200కు పట్టిన సమయంతో భాగిస్తే 1.2 దాటకూడదు. దాటితే ఇంకా నాననివ్వండి. దాటకపోయినా ఒత్తిడి ఎక్కుతుంటే ఆ రాయికి ఈ గ్రేడు పెద్దది. తక్కువ అణుభారం ఉన్నది తెప్పించాలి.