కంప్యూటర్ లోగో దగ్గరే ఆగిపోతోందా? చెయ్యి పెట్టే ముందు ఇవి చూడండి

వానలు మొదలైతే బెజవాడలో కరెంటు పోయి రావడం మామూలే. ఆ దెబ్బకి విండోస్ లోగో దాటని కంప్యూటర్లూ ఎక్కువే. బాగుచేసే ముందు:

– విండోస్‌ని మళ్లీ కొత్తగా వేసే ‘రీసెట్’ జోలికి వెంటనే పోవద్దు. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ నొక్కితే పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు అన్నీ పోతాయి. ‘కీప్ మై ఫైల్స్’లో ఫైళ్లు మిగులుతాయి గానీ, మనం వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. షాపుకిచ్చినా "ముందు డేటా తీయండి" అని గట్టిగా చెప్పాలి. అడక్కుండానే ఫార్మాట్ కొట్టేసేవాళ్లున్నారు మరి.

– హార్డ్ డిస్క్ టక్ టక్ మంటుంటే మళ్లీ ఆన్ చేయకండి. చేసినకొద్దీ ఇంకా పాడవుతుంది.

– బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే వెతికి పెట్టుకోండి. చాలావరకు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్లోనే చూడొచ్చు.

– అప్‌డేట్ శాతం కదులుతుంటే ప్లగ్ పీకొద్దు.

– పెన్‌డ్రైవ్ తీసేసి ఆన్ చేయండి. కంప్యూటర్ దాన్నుంచి బూట్ (స్టార్ట్) అవ్వాలని చూసి ఆగిపోతుంటుంది. కొందరి టెన్షన్ ఇక్కడితోనే తీరిపోతుంది.

– ర్యామ్ (మెమరీ స్టిక్) తీసి మళ్లీ పెట్టాలంటే షట్‌డౌన్ చాలదు, పవర్ వైరు పీకేయండి. మదర్‌బోర్డులో (లోపలి మెయిన్ బోర్డులో) స్టాండ్‌బై కరెంటు ఉంటుంది.

– ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు.