4×5 ప్రెస్ కెమెరా కొనేటప్పుడు ఏమేం చూడాలి?

పాత హాలీవుడ్ సినిమాల్లో విలేఖరులు ఎగబడి ఫొటోలు తీసే పెట్టె కెమెరాలు గుర్తున్నాయా? వాటిలో చాలావరకు అమెరికాలోని రోచెస్టర్‌లో తయారైన గ్రాఫ్లెక్స్ కంపెనీ ప్రెస్ కెమెరాలే. వాటిలో పేరున్న స్పీడ్ గ్రాఫిక్ 1912లో వచ్చింది. 1945లో జపాన్‌లోని ఇవో జిమా దీవి కొండ మీద జెండా ఎత్తుతున్న ఫొటోను జో రోసెంతాల్ తీసింది దాంతోనే. పెద్ద నెగెటివ్ మీద మనసు పడ్డవాళ్లకు ఇప్పటికీ అది మంచి దారి. కాకపోతే పేరు చూసి కాదు, వెనకవైపు చూసి కొనాలి.

1. ముందు సైజు. 4×5 అంగుళాలదే తీసుకోండి. 3¼×4¼ చవగ్గా కనిపిస్తుంది గానీ, ఆ షీట్ ఫిల్మ్ దొరకడం గగనం.

2. తర్వాత బ్యాక్, అంటే ఫిల్మ్ పెట్టే వెనక భాగం. అమ్మేవాళ్లు ముందువైపు ఫొటోలే పెడతారు, వెనకది అడిగి తెప్పించుకోండి. బొమ్మ పడే ఫోకసింగ్ గాజు ఫ్రేమ్‌కు పైనా కిందా జరిపే రెండు లోహపు పట్టీలు ఉంటే అది గ్రాఫ్లాక్ బ్యాక్. 1949 నుంచి వచ్చింది. గాజు తీసేసి రోల్ ఫిల్మ్ బ్యాక్ తగిలించుకోవచ్చు. అంతకుముందటి స్ప్రింగ్ బ్యాక్‌లో ఆ సౌకర్యం లేదు, ఎక్కువగా షీట్ హోల్డర్లతోనే సరిపెట్టుకోవాలి.

3. స్పీడ్ గ్రాఫికా, క్రౌన్ గ్రాఫికా? 1947లో వచ్చిన పేస్‌మేకర్ వరుసలో రెండూ ఉన్నాయి. స్పీడ్‌లో ఫిల్మ్ ముందు గుడ్డ తెర షట్టర్ ఉంటుంది, 1/1000 సెకను దాకా పోతుంది. సొంత షట్టర్ లేని పాత లెన్సులు వాడాలంటే ఇదే కావాలి. ఏరో ఎక్టార్ 178 ఎంఎం ఎఫ్/2.5 అనే పాత లెన్సు కోసం చాలామంది స్పీడ్ కొంటారు. ఆ లెన్సు గాజులో థోరియం ఉంది, కొద్దిగా రేడియేషన్ వస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ గాజు పసుపెక్కుతుంది. ఆ పిచ్చి లేకపోతే ఆ తెర షట్టర్ లేని క్రౌనే నయం: తేలిక, పలచన, 90 ఎంఎం వైడ్ లెన్సు సులువుగా ఇముడుతుంది. స్పీడ్‌తో ఇంకో తంటా ఉంది. లెన్సు షట్టర్‌తో తీసేటప్పుడు వెనక తెర తెరిచి పెట్టడం మరిచిపోతే ఫిల్మ్ మీద ఏమీ పడదు.

4. లెన్సు. కెమెరాతో వచ్చే 135 ఎంఎం ఎఫ్/4.7 ఆప్టార్ లేదా జెనార్ మొదలుపెట్టడానికి చాలు. 127 ఎంఎం ఎక్టార్ చాలా షార్ప్, కానీ 4×5కి అంతంత మాత్రంగా సరిపోతుంది. లెన్సును పైకి జరిపితే మూలలు నల్లబడతాయి.

లెన్సు షట్టర్‌ను 1 సెకను మీద పెట్టి నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. లోపలి చక్రాలు ఒకే లయలో కిర్రుమనాలి. మధ్యలో ఆగి ఆగి కదిలితే సర్వీసింగ్ ఖర్చు లెక్కలో వేసుకోండి. షట్టర్ తెరిచి టార్చ్ వేసి చూస్తే దుమ్ము ఎలాగూ కనిపిస్తుంది, దానికి టెన్షన్ పడొద్దు. సన్నటి దారాలు అల్లుకుని ఉంటే మాత్రం ఫంగస్. మన కోస్తా తేమలో అది ఇంకా పెరుగుతుంది, వదిలేయండి. లెన్సు బోర్డు కూడా అడగండి: (లెన్సును బిగించే పలక) పేస్‌మేకర్‌కు ముందొచ్చిన యానివర్సరీ మోడల్ బోర్డు పేస్‌మేకర్‌కు పట్టదు.

5. రేంజ్‌ఫైండర్, అంటే రెండు బొమ్మలు కలిపి ఫోకస్ చూసుకునే కన్ను. దూరంగా ఉన్న టవర్‌ని గాజు మీద ఫోకస్ చేసి, రేంజ్‌ఫైండర్‌లో రెండు బొమ్మలు కలిశాయో లేదో చూడండి. కలవకపోతే అది సెట్టింగ్ తప్పినట్టు, లేదా ఎవరో లెన్సు మార్చినట్టు. ట్రైపాడ్ మీద గాజు చూసి తీసేవాళ్లకు ఇది పెద్ద లోపం కాదు, బేరానికి మాత్రం పనికొస్తుంది.

6. బెలోస్, అంటే లెన్సుకూ ఫిల్మ్‌కూ మధ్య మడతల సంచి. చీకటి గదిలో పూర్తిగా సాగదీసి, లోపల టార్చ్ పెట్టి మడతల మూలలు చూడండి. ఒకటి రెండు చుక్కల్లో వెలుగు కారితే నల్ల ఫాబ్రిక్ పెయింట్‌తో మూసేయొచ్చు. మూలలన్నీ అరిగిపోయుంటే మారు మాట్లాడకుండా వదిలేయండి.

ఫ్లాష్ పిడి లేదని బాధపడొద్దు. ఒక ప్రసిద్ధ అంతరిక్ష సినిమాలో దాన్ని కత్తిపిడిగా వాడాక, ఆ సినిమా అభిమానులే దాని ధర పెంచేశారు.

ఆ డబ్బుతో ఫిల్మ్ హోల్డర్లు కొనండి. ఒక్కో దాంట్లో రెండు షీట్లు పడతాయి. చీకట్లో ఫిల్మ్ ఎక్కించేటప్పుడు షీటును నిలువుగా పట్టుకోండి. అంచున ఉండే గాట్లు పైన కుడి మూలలో వేలికి తగిలితే, ఎమల్షన్ (బొమ్మ పడే పూత) వైపు మీ ముఖానికి ఎదురుగా ఉన్నట్టు.