సాస్తి, బల్లార్పూర్ గనుల్లో కాంట్రాక్టు కార్మికులు యూనియన్ పెట్టుకోవాలంటే

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని రాజురా, బల్లార్పూర్, ఘుగ్గుస్ బొగ్గు గనుల వైపు వలస వచ్చిన మనవాళ్లు ముందు చూసుకోవాల్సింది జెండా రంగు కాదు, కాగితాలు. రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు 7 సంతకాలు చాలు. అయితే సంస్థలోని కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. సంతకాలు 15 దాకా పెట్టించండి. దరఖాస్తుదారుల్లో సగానికి మించి వెనక్కి తగ్గితే అది చెల్లకుండా పోతుంది, బెదిరింపులు మొదలయ్యేదీ దరఖాస్తు వేశాకే.

చందా పది రూపాయలైనా రసీదు చింపి ఇవ్వాలి, కౌంటర్‌ఫాయిల్ మీద సంతకమో వేలిముద్రో ఉండాలి.

అసలు చిక్కు పేర్లతోనే. మనకు ఇంటిపేరు ముందు. మరాఠీ కాగితాల్లో పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఆధార్‌లో ఒకలా, మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఇంకోలా ఉంటే సభ్యత్వంతో పాటు బొగ్గు గనుల పీఎఫ్‌కూ తంటానే. ఆధార్, పేస్లిప్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి.

మీటింగు గేటు దగ్గర వద్దు. వచ్చినవాళ్లకు కాంట్రాక్టు కార్మికులకు కోల్ ఇండియా హైపవర్ కమిటీ ఖరారు చేసిన వేతన రేటు, వాళ్ల పేస్లిప్ కలిపి చూపించండి. ఖాతాలో పడ్డ జీతంలో కొంత కాంట్రాక్టరు మనిషి తిరిగి అడుగుతుంటే తేదీ, మొత్తం, అడిగినవాడి పేరు అదే రోజు రాసిపెట్టుకోమనండి.