చిన్న మోడల్ ఇంజిన్ భాగాలను సురక్షితంగా శుభ్రపరచడం ఎలా?

మోడల్ విమానాలలో వాడే గ్లో ఇంజిన్ల (వేడెక్కిన తీగ ఉండే గ్లో ప్లగ్‌తో ఇంధనాన్ని మండించే చిన్న ఇంజిన్లు) ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్‌లతో పాటు చాలా రకాలలో ఆముదం కూడా ఉంటుంది. వేడికి మాడిన ఆముదం సిలిండర్ మీద, ఎగ్జాస్ట్ ద్వారం చుట్టూ గోధుమరంగు వార్నిష్‌లా గట్టిపడుతుంది. లోపల మిగిలిన ఇంధనమేమో గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కు బేరింగులకు తుప్పు పట్టిస్తుంది. విశాఖపట్నంలో, ముఖ్యంగా సముద్రానికి దగ్గరగా ఉన్న లాసన్స్ బే కాలనీ వంటి చోట్ల, ఉప్పుగాలి ఆ తుప్పును మరింత తొందరపెడుతుంది. కాబట్టి మురికి వదలగొట్టడం ఎంత ముఖ్యమో, వెంటనే ఆరబెట్టి నూనె పట్టించడం అంతే ముఖ్యం.

ముందుగా గాలి బాగా ఆడే వరండానో డాబానో ఎంచుకోండి. మిథనాల్ ఆవిరి సుమారు 11 డిగ్రీల సెల్సియస్ వద్దే అంటుకోగలదు, అంటే విశాఖ చలికాలంలోనూ ప్రమాదమే. పైగా దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. అందువల్ల పొయ్యి, దీపం, అగరుబత్తి, సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు. మిథనాల్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరే విషం కనుక నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) చేతి తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. పెట్రోలుతో కడగాలన్న ఆలోచనే వద్దు.

విప్పే ముందు, కార్బ్యురేటర్‌లో ఇంధనం ఎంత అందాలో నియంత్రించే సూది మర అయిన నీడిల్‌ను మెల్లగా పూర్తిగా మూస్తూ, ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోండి. గ్లో ప్లగ్ తీసి, హెడ్ బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయండి. పిస్టన్, కనెక్టింగ్ రాడ్ ఏ వైపు తిరిగి ఉన్నాయో మార్కర్‌తో గుర్తు పెడితే అది మిథనాల్‌కు చెరిగిపోతుంది. ఫోన్‌లో ఫొటో తీసుకోవడం మేలు. పలుచని షిమ్‌లను (భాగాల మధ్య ఎడం సరిచేసే రేకు వలయాలు), రబ్బరు ఓ-రింగులను, ప్లాస్టిక్ భాగాలను విడిగా ఉంచండి. లైనర్ (పిస్టన్ కదిలే లోపలి గొట్టం) రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, ఇంజిన్ బయటి కేసును మంట తగలకుండా కాస్త వేడి చేస్తే అదే వదులవుతుంది.

తాజా నూనె జిడ్డు మిథనాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌కే పోతుంది. గట్టిపడిన వార్నిష్‌కు మాత్రం ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న కారు కూలెంట్ మంచి మందు. మళ్లీ వంటకు వాడని పాత స్టీలు గిన్నెలో, ఆరుబయట, ఎలక్ట్రిక్ హాట్‌ప్లేట్ మీద, లోహపు భాగాలు మునిగేలా కూలెంట్ పోసి, మరగనివ్వకుండా కొన్ని గంటలు సన్నని వేడి మీద ఉంచాలి. ఆ ఆవిరి పీల్చకూడదు. కూలెంట్ తియ్యగా ఉండే విషం కనుక పిల్లలను, కుక్కలను దూరంగా ఉంచాలి. చల్లారాక బ్రష్‌తో రుద్దితే నల్లటి పొర ఊడిపోతుంది. తొందరపడి కాస్టిక్ సోడా ఉన్న డ్రెయిన్ క్లీనర్ వాడితే అది అల్యూమినియాన్నే తినేసి, మండే హైడ్రోజన్‌ను వదులుతుంది. పిస్టన్, లైనర్ల మీద ఉప్పుకాగితం, స్టీలు పీచు తగలనివ్వకండి. ఇంజిన్ బలమంతా ఆ రెండింటి బిగువులోనే ఉంది.

తరువాత పాత్రలు తోమే ద్రవం కలిపిన వేడి నీటితో కడిగి, మంచి నీటితో జాడించి, వెంటనే తుడిచి పూర్తిగా ఆరబెట్టండి. బేరింగులను గాలి పంపుతో గిరగిరా తిప్పవద్దు, తడి ఆరాక పలుచని యంత్రాల నూనె వేసి చేత్తో తిప్పితే చాలు. వాడిన కూలెంట్‌ను కాలువలో పోయకుండా మూత బిగించిన డబ్బాలో పోసి, వాడిన కూలెంట్ తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి. భాగాలన్నీ బిగించాక నీడిల్‌ను రాసుకున్న చుట్ల కంటే కాస్త ఎక్కువగా తెరిచి, మొదటి ట్యాంకును ఇంధనం ఎక్కువగా అందేలా నడిపి, ఆ తరువాతే పాత అమరికకు తీసుకురండి.